భర్త లైసెన్సు, భార్య చేతిలో రివాల్వరు

ఎందుకు రాస్తున్నాను

"భార్యాభర్తలకు వేరువేరు లైసెన్సులేమిటండీ, ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు?" అని ఒక యువ న్యాయవాది తన కక్షిదారుకు ధైర్యం చెప్పడం ఇటీవల నర్సీపట్నం కోర్టు వరండాలో విన్నాను. పాత అలవాటు కొద్దీ అప్పుడప్పుడు అక్కడికి వెళ్లి కూర్చుంటాను. ఆ మాట చెవిన పడగానే లేచి నిలబడ్డాను. ఎందుకంటే ఆ మాట నాది. నలభై ఏళ్లకు పూర్వం, ఇదే ఊళ్లో, ఇంచుమించు ఇవే పదాలతో, ఇంతే ధీమాగా నేను చెప్పాను. దాని ఫలితం నా మీద పడలేదు, ఒక ఉపాధ్యాయురాలి మీద పడింది. తప్పు చేసినవాడు బతికి ఉండగానే అదే తప్పు మరొకరి నోట మళ్లీ పుడుతున్నదంటే, మొదటివాడు తన బాధ్యత నిర్వర్తించలేదనే అర్థం. అందుకే ఇది రాయక తప్పదు.

డెబ్బైలలోనూ ఎనభైలలోనూ నేను నర్సీపట్నంలో న్యాయవాద వృత్తి చేశాను. గెలిచిన దావాల జాబితా ఇక్కడ ఇవ్వబోవడం లేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి గెలుపులు ఏమీ నేర్పవు.

సీనియర్ గారి గది

నేను జూనియర్‌గా చేరిన సీనియర్ గారి కార్యాలయం రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో కక్షిదారులు, వెనుక గదిలో పుస్తకాలు. ఆయన స్వభావం కఠినం. గుమస్తాలను నలుగురిలో తిట్టేవారు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పన్నెండేళ్లలో నన్ను మెచ్చుకున్న సందర్భం ఒక్కటీ గుర్తులేదు.

కాని ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ సెక్షన్ గురించి అభిప్రాయం చెప్పాలన్నా జూనియర్ లేచి నిలబడి, పుస్తకం తెరిచి, ఆ సెక్షన్‌ను పైకి చదవాలి. చదవడం పూర్తయ్యాక ఆయన కళ్లు మూసుకొని, "ఆ తరువాత?" అనేవారు.

"అంతేనండి" అంటే, "అంతే అని పుస్తకం చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?" అని అడిగేవారు.

అప్పుడు పేజీ తిప్పి చూస్తే, మినహాయింపో, ఆ మినహాయింపుకు మరో షరతో, దానికొక వివరణో కనబడేది. ఏమీ లేనప్పుడు కూడా ఆయన ప్రశ్న మానలేదు. ఆ రోజుల్లో అది పెద్దల చాదస్తమనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ పుస్తకం మూయబోయినా ఎవరైనా "ఆ తరువాత?" అంటే బాగుండునని చెవి రిక్కించి ఆగుతాను. ఎవరూ అనరు. ఆ పెంకుటిల్లు కూడా ఇప్పుడు లేదు.

నేను రాసిచ్చిన కాగితం

సన్యాసినాయుడు నాకు హైస్కూలు సహాధ్యాయి. నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే దారిలో అతనికి చెరకు పొలం, జీడితోట, ఆ తోటలోనే ఇల్లు ఉండేవి. ఆదివారం సాయంత్రాలు సైకిలు వేసుకొని అక్కడికి వెళ్లేవాణ్ణి. నేను నల్ల కోటు వేసుకొని పదిమందిలో నిలబడి ఉన్నా సరే, "ఒరే మూర్తీ" అని వీధి అవతలి నుంచి కేక వేసే మనిషి ఆ ఊళ్లో అతనొక్కడే. అతని భార్య వరలక్ష్మి గారు పొరుగూరి ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేవారు.

తోట సరిహద్దు విషయంలో పక్క రైతుతో నాయుడికి తగాదా ఉండేది. ఒకనాటి ఉదయం ఆ రైతు మనుషులు అతన్ని పొలంలో చుట్టుముట్టారు. ఆ తరువాత అతను దరఖాస్తు పెట్టుకొని, తన పేర లైసెన్సు సంపాదించి, ఒక రివాల్వరు కొన్నాడు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. నాకు తెలిసి ఎన్నడూ పేల్చలేదు.

ఒక ఏడాది చెరకు బండి తిరగబడి నాయుడికి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్సకు విశాఖపట్నం తీసుకువెళ్లాలి, రెండు నెలలు అక్కడే ఉండాలి. బయలుదేరే ముందు నన్ను పిలిపించాడు. మంచం మీద పడుకొని ఉన్నాడు. వరలక్ష్మి గారు ప్రయాణానికి బట్టలు సర్దుతున్నారు.

"ఒరే మూర్తీ, రెండు నెల్లు నాను ఇంటికాడ ఉండను. ఆళ్లు ఊరుకోరు. ఈ తుపాకి ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

"చేసేదేముంది? మీ ఆవిడ దగ్గర ఉంచు."

"దానికి లైసెన్సు లేదు కదరా."

"భార్యాభర్తలకు వేరువేరు లైసెన్సులేమిటోయ్, ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు? నీ రాతపూర్వక అనుమతి ఉంటే చాలు. చట్టంలోనే ఉంది. నేను రాసిస్తాను."

నాయుడు నొప్పిలోనూ భార్య వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నావేటే? ఇంటి తాళాలు ముందే నీ బొడ్డునున్నాయి. ఇప్పుడు తుపాకీ నీదే. ఇంక కూరలో ఉప్పు నేదని ఎవుడంటాడు?"

ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారెవరూ తుపాకిని దగ్గర ఉంచుకోరాదు. దానికొక మినహాయింపు ఉంది. లైసెన్సుదారు సమక్షంలో గాని, అతని రాతపూర్వక అధికారంతో గాని మరొకరు ఆయుధాన్ని తీసుకువెళ్లవచ్చు. నేను అంతవరకు చదివి ఆగాను. ఆ వాక్యం అక్కడ ముగియలేదు. మరమ్మతు కోసం, లైసెన్సు పునరుద్ధరణ కోసం, లేదా ఆ లైసెన్సుదారు స్వయంగా వాడుకోవడం కోసం మాత్రమే అలా తీసుకువెళ్లవచ్చునని మిగిలిన సగం చెబుతున్నది. భార్య ఇంటి రక్షణకు ఉంచుకోవడం ఆ మూడింటిలో దేని కిందికీ రాదు.

నేను మాత్రం నా లెటర్‌హెడ్ మీద, నా దస్తూరీతో ఇలా రాశాను: "నేను లేని కాలమున గృహరక్షణార్థము నా రివాల్వరును నా భార్య తన స్వాధీనమునందుంచుకొని వినియోగించుకొనుటకు ఇందుమూలముగా అనుమతించుచున్నాను." నాయుడు పడుకునే సంతకం చేశాడు. వరలక్ష్మి గారు మారుమాట లేకుండా ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకున్నారు.

అరుగు మీద టీచరుగారు

మూడో వారంలో ఒక ఉదయం పక్క రైతు మనుషులు నలుగురు గొడ్డళ్లతో వచ్చి సరిహద్దు వెంబడి ఉన్న జీడిచెట్లు నరకబోయారు. బడికి బయలుదేరుతున్న వరలక్ష్మి గారు బీరువా తెరిచి, రివాల్వరు పట్టుకొని అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. గొట్టం నేలవైపే ఉంచారు. వచ్చినవాళ్లు వెనుదిరిగి తిన్నగా పోలీసు స్టేషనుకు వెళ్లి, టీచరమ్మ తమ మీదికి తుపాకి ఎత్తిందని ఫిర్యాదు ఇచ్చారు. ఆమె రివాల్వరు బీరువాలో పెట్టి, వేళకు బడికి వెళ్లి పాఠం చెప్పుకున్నారు.

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబులు బడికి వచ్చాడు. నడివయసు మనిషి. ఆ తరువాతి సంభాషణ నాకు ఆమే చెప్పారు.

"అమ్మా, మా పాపకి లెక్కలు సెప్పింది తమరే. నాకు మొకం సెల్లడం నేదు. ఆ తుపాకి ఎవలిదండీ?"

"మా వారిది."

"లైసెన్సు ఎవలి పేరున?"

"ఆయన పేరునే. కాని నాకు అధికారపత్రం ఉంది. లాయరుగారు రాసిచ్చారు."

ఆమె అతన్ని ఇంటికి తీసుకువెళ్లి రివాల్వరుతోపాటు కాగితం కూడా ఇచ్చారు. అతను దాన్ని రెండుసార్లు చదివి తల పట్టుకున్నాడట. "ఈ కాగితం నేకపోతే బాగున్ను తల్లీ" అన్నాడట.

ఆ హెడ్ కానిస్టేబులుకు అర్థమైనది నాకు అప్పటికి అర్థం కాలేదు. ఆ కాగితమే లేకపోతే, భర్త ఆయుధం భర్త బీరువాలోనే ఉన్నదని, ఆపద వేళ ఒక్క నిమిషం చేతిలోకి తీసుకున్నానని ఆమె చెప్పుకోగలిగేవారు. అది నిలిచినా నిలవకపోయినా వాదించడానికి చోటుండేది. ఆయుధం పూర్తిగా ఆమె స్వాధీనంలో ఉన్నదని పోలీసులు రుజువు చేయవలసిన అవసరం లేకుండా నేనే రుజువు చేసిపెట్టాను.

ఆమెను అరెస్టు చేసినా ఆ సాయంత్రమే బెయిలు దొరికింది. కాని అసలు గండం ముందుంది. కోర్టులో అభియోగపత్రం దాఖలైతే ఉద్యోగం నుంచి సస్పెన్షన్, శిక్ష పడితే ఉద్యోగమే పోతుంది. భర్త మళ్లీ నడుస్తాడో లేదో తెలియదు. ఆ ఇల్లు నిలబడేది ఆమె ఉద్యోగం మీదనే.

తొమ్మిది రోజులు

రాత్రంతా నిద్ర లేక, మర్నాడు సీనియర్ గారి ముందు నిలబడ్డాను. ఆయన నా మొహం చూడకుండా, "చదువు" అన్నారు.

మూడో సెక్షన్ చదివాను.

"ఆ తరువాత?"

మినహాయింపు మొదటి సగం చదివాను.

"ఆ తరువాత?"

మిగిలిన సగం చదివాను. ఆయన పుస్తకం నా చేతిలోంచి తీసుకొని మూశారు. తిడితే బాగుండుననిపించింది.

చివరకు ఆయనే దారి చూపించారు. మూడో సెక్షన్ కింద ఎవరినైనా ప్రాసిక్యూట్ చేయాలంటే జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు ముందస్తు అనుమతి ఉండాలి. చట్టం తెలియకపోవడం కోర్టులో సాకు కాదు. కాని అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కలెక్టరు విచక్షణ. ఆమె దురుద్దేశంతో చేయలేదని, తెలిసిన న్యాయవాదిని నమ్మి చేసిందని ఆయనకు నమ్మకం కలగాలి. "విజ్ఞాపన తయారు చేసుకురా" అన్నారు.

మొదటి ముసాయిదాలో "అమాయకత్వము చేత" అని రాశాను. సీనియర్ గారు కొట్టివేసి, "లెక్కల టీచరు అమాయకురాలేమిటోయ్? ఆవిడను తక్కువ చేసి నిన్ను కాపాడుకుంటావా?" అన్నారు.

రెండో ముసాయిదాలో "ఒకానొక న్యాయవాది సలహాననుసరించి" అని రాశాను. ఆయన కళ్లజోడు తీసి, "ఆ ఒకానొక న్యాయవాదికి తల్లిదండ్రులు పేరు పెట్టలేదా?" అన్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. నేనే చెప్పాను, నేనే రాశాను, అది తప్పు అని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. అది కలెక్టరు కార్యాలయానికి వెళుతుంది. మర్నాటికి బార్‌లోని న్యాయవాదులందరికీ తెలుస్తుంది. ఆ తరువాత ఏ రైతు నా గడప తొక్కుతాడు? పైగా నాకు పెళ్లీడుకు వచ్చిన చెల్లెళ్లు, ఇంట్లో తొమ్మిది మంది. ఇవన్నీ నాకు అప్పుడు కారణాలుగా కనిపించాయి. ఇప్పుడు సాకులుగానే కనిపిస్తున్నాయి.

తొమ్మిదో రోజు బడి విడిచాక వరలక్ష్మి గారు మా కార్యాలయానికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నయ్యగారూ, పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. పదో తరగతి వాళ్లకి రేఖాగణితం సగం మిగిలిపోయింది. నన్ను ఉంచుతారో పంపేస్తారో ఏటన్నది తెలిస్తే, బేగి ఏ పాఠం ముగించాలో చూసుకుంటాను" అన్నారు.

అంతే. నిందించలేదు, ఏడవలేదు. ఆమె మెట్లు దిగేలోపల నేను కాగితం ముందుకు లాక్కున్నాను. ఆ పూటే నా పేరు, నా తండ్రి పేరు, నా చిరునామా రాసి సంతకం చేశాను. సీనియర్ గారు ఒక్క అక్షరం కొట్టివేయలేదు.

కొన్ని వారాలకు కలెక్టరు అనుమతి నిరాకరించారు. కేసు అక్కడితో ఆగింది. వరలక్ష్మి గారు రేఖాగణితం పూర్తి చేశారు.

బార్‌లో నేననుకున్నంతా జరిగింది. "ఏటండీ మూర్తిగారూ, మా ఆడదాని గొడుగు నానేసుకోవచ్చా? ఓ కాగితం రాసిచ్చెయ్యండీ" అని ఒకాయన ఏడాదిపాటు ఆటపట్టించాడు. కక్షిదారులు కొందరు పోయారు, కొందరు తిరిగి వచ్చారు. ఒక ముసలి రైతు మాత్రం, "తప్పు రాసిస్తే ఒప్పుకుంటాడంట గదా, ఆ లాయరు కావాలి" అని వెతుక్కుంటూ వచ్చాడు. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. మనం జనాన్ని ఎంత తక్కువగా అంచనా వేస్తామో తెలియడానికి చెబుతున్నాను.

నాయుడు చేతికర్రతో ఇంటికి వచ్చాడు. ఆదివారం నాడు వెళ్లాను. అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"రండి మూర్తిగారూ, కూర్చోండి" అన్నాడు.

టీ వచ్చింది. వానల గురించి, చెరకు గురించి మాట్లాడాడు. లైసెన్సు తనంతట తానే వదులుకున్నానని చెప్పాడు. ఆ కాగితం ప్రసక్తి తేలేదు. ఆనాటి నుంచి అతను చనిపోయేవరకు నేను మూర్తిగారినే. అతని కోపం ఎన్నటికీ తీరలేదు. నా సైకిలు ఆ దారిన వెళ్లడం తగ్గి, తరువాత ఆగిపోయింది. ఇప్పటికీ జీడిపళ్లు మగ్గే కాలంలో మాకవరపాలెం బస్సు ఎక్కితే, ఆ తోట దాటేవరకు ఆ వాసనకు కిటికీ పక్కన కూర్చోలేను. లేచి అవతలి వైపు సీటులోకి మారతాను. నా జీవితంలో న్యాయమూర్తులు నన్ను గౌరవించారు, కక్షిదారులు చేతులు జోడించారు. వీధి అవతలి నుంచి "ఒరే" అనే ఒక్క కేకకు అవేవీ సాటి రావు.

పూజగదిలో పిస్తోలు

కొన్నేళ్ల తరువాత, ఎనభైలలో, ఏటికొప్పాక వైపు నుంచి ఒక వృద్ధురాలు భూమి పట్టా మార్పు కోసం వచ్చింది. ఆమె భర్త సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, ఏడాది క్రితం పోయాడు. మాటల మధ్యలో అతని పిస్తోలు పూజగదిలో ఉన్నదని, విజయదశమికి బొట్టు పెట్టానని చెప్పింది.

"అమ్మా, లైసెన్సుదారు పోయాక అది ఇంట్లో ఉంచుకోకూడదు" అన్నాను.

"దానికేటి బాబూ, అది తిండి అడుగుతాదా? ఓ మూల పడుంటాది."

ఈసారి పుస్తకం తెరిచి, సంబంధించిన సెక్షన్‌ను చివరి దాకా చదివి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. లైసెన్సుదారు మరణిస్తే, ఆయుధం ఎవరి చేతికి వచ్చిందో వారు ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించాలి. వారసులు ఆ తరువాత తమ పేర లైసెన్సు కోరవచ్చు.

"నా మొగుడి వస్తువు నానే దొంగిలించినట్టా?" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దొంగతనం కాదమ్మా. ఆ లైసెన్సు ఆయనతోనే పోయింది."

ఆలస్యానికి కారణాన్ని ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసి, ఆమెతోపాటు స్టేషనుకు వెళ్లాను. అప్పగించే ముందు ఆమె పిస్తోలు మీది కుంకుమను చీర చెంగుతో తుడిచింది. "ఆ బొట్టు నాను ఎట్టింది. అది ఈలకెందుకు?" అంది. ఇన్‌స్పెక్టరు మంచివాడు, తల దించుకొని రసీదు రాశాడు. ఆ రోజు చట్టం పూర్తిగా చదివి ఒక మనిషిని ఏడిపించాను. చదవకుండా నవ్వించిన రోజు కంటే అదే మేలు.

యువతకు సూటిగా నాలుగు మాటలు

లైసెన్సు మనిషికి ఇస్తారు, దాంపత్యానికి ఇవ్వరు. ఇల్లు ఉమ్మడి కావచ్చు, బీరువా ఉమ్మడి కావచ్చు, రివాల్వరు మాత్రం ఒక్కరిదే. భార్యకు అవసరమైతే ఆమె తన పేర దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా తన పేరు ఆ లైసెన్సులో చేర్చడానికి వీలుందేమో అధికారిని ముందుగా అడగాలి. భర్త నెలల తరబడి ఊళ్లో ఉండకపోతే ఆయుధాన్ని అప్పగించి రసీదు తీసుకోవాలి. తాళం చెవి చేతులు మారితే స్వాధీనం కూడా మారినట్టే చూస్తారని హెచ్చరించండి. నేను చెప్పినది నా కాలపు చట్టం. తరువాత సవరణలు, కొత్త నియమాలు వచ్చాయి. ఈనాటి పుస్తకం తెరిచి చూడకుండా నా మాట మీద ఎవరికీ సలహా ఇవ్వకండి.

ఇది రాతిగుండె చట్టమని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. తరువాత కొన్ని ఇళ్లు చూశాను. బీరువాలోని తుపాకి దొంగకంటే ఇల్లాలికే ఎక్కువ భయం కలిగించిన ఇళ్లవి. అటువంటి ఆయుధానికి ఒక్క పేరే జవాబుదారీగా ఉండాలి. దంపతులిద్దరూ ఒకటేనన్న మన అందమైన మాట పెళ్లిపీటల మీద నిజం. లైసెన్సు పుస్తకంలో అది చెల్లదు.

దిద్దుబాట్లు

ఈ రాతప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు వరలక్ష్మి గారికి పంపాను. ఆమె ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి, అదే తోటలో ఉంటున్నారు. పేర్లు వాడవచ్చునా అని మాత్రమే అడిగాను. ఆమె ప్రతిని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపారు. ఆమె దిద్దినవి రెండే.

"మారుమాట లేకుండా" అని నేను రాసినచోట గీత గీసి, పక్కన ఇలా రాశారు: "తప్పు. రెండుసార్లు అడిగాను. భార్యకు వర్తిస్తుందని పుస్తకంలో ఎక్కడుందో చూపించండి అన్నయ్యగారూ అన్నాను. నువ్వు లెక్కలు చెప్పుకో అమ్మా అన్నారు."

నాకు అది గుర్తులేదు. నలభై ఏళ్లుగా గుర్తులేదు. కాని ఆమె రాసినదే నిజమని చదవగానే తెలిసింది. ఆ గొంతు నాదే.

"అతని కోపం ఎన్నటికీ తీరలేదు" అన్నచోట కోపం అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, "ఇది మీ ఊహ. ఆయనను అడిగి ఉండవలసింది" అని రాశారు.

నేను అడగలేదు. అతను పాతికేళ్లు ఆ అరుగు మీదే కూర్చున్నాడు. నాలుగు మైళ్లు సైకిలు తొక్కితే చాలు. అడగలేదు.

ఆ రెండు చోట్లనూ మొదట రాసినట్టే ఉంచి, ఆమె దిద్దుబాట్లను ఇక్కడ చేర్చాను. నా తప్పు కనబడకుండా సరిచేసుకోవడం నాకు ఇక న్యాయంగా తోచదు. చదివేవారిని కోరేది ఇదే. ఇందులో చట్టం తప్పుగా చెప్పి ఉంటే దిద్దండి. మనుషులను తప్పుగా చెప్పి ఉంటే మరీ ముఖ్యంగా దిద్దండి. ముసలివాడు నొచ్చుకుంటాడని వెనకాడకండి. అడగవలసినది ఏమైనా ఉంటే, నేనుండగానే వచ్చి అడగండి.